డెంటల్ సీటుకు దరఖాస్తు తొమ్మిదో తరగతిలోనే మొదలవుతుంది

(సొసైటీ వార్షిక సభలో దాతలను ఉద్దేశించి ఒక దంత వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



నా దగ్గరకు వచ్చినవాళ్ల నోరు తెరిపించడం నా వృత్తి. నేనే నోరు తెరిచి ఇంతమంది ముందు మాట్లాడటం అలవాటు లేదు. తడబడితే మన్నించండి. డెంటల్ సీటు కోసం మన పిల్లలు ఏం చేయాలి, ఎక్కడెక్కడ పెట్టుకోవాలి, ఓ ఇరవై నిమిషాలు చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. ఎదురుగా కూర్చున్నది పిల్లలు కాదు, ఆ పిల్లల చదువుకు డబ్బు ఇస్తున్నవాళ్లు. అందుకని అదే సంగతి మీ వైపు నుంచి చెబుతాను.

ఏటా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో నాకు ఫోన్లు వస్తాయి. "డాక్టర్ సాబ్, మా అమ్మాయికి నీట్‌లో ఇంత వచ్చింది, బీడీఎస్ వస్తుందా? సొసైటీ ఫీజు కడుతుందా?" అని. ఆ ఫోను వచ్చే వేళకు మనం చేయగలిగింది చాలా తక్కువ మిగిలి ఉంటుంది. ఎందుకు అంటున్నానో ఒక అమ్మాయి సంగతి చెబితే మీకు తెలుస్తుంది. పేరు చెప్పను.

ఆలంపూర్ చౌరస్తా దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి పక్కన ఆమె తండ్రికి పంక్చర్ దుకాణం ఉంది. 2022లో ఆ అమ్మాయి పదో తరగతి మంచి మార్కులతో పాసై, బైపీసీ చదువుతానంది. అక్కడివాళ్లకు పట్నమంటే కర్నూలే. తుంగభద్ర వంతెన దాటితే చాలు. ఆస్పత్రికైనా పెళ్లి బట్టలకైనా అక్కడికే పోతారు. మన సొసైటీ ఆమెకు కర్నూలులో హాస్టలున్న ఒక జూనియర్ కళాశాలలో రెండేళ్ల ఫీజు కట్టింది. మంజూరు కాగితం మీద సంతకం పెట్టినవాళ్లలో నేనూ ఒకణ్ని. ఆ ఏటి సావనీరులో గర్వంగా రాసుకున్నాం కూడా.

అమ్మాయి మన మాట నిలబెట్టింది. 2024లో నీట్ రాసి అర్హత సాధించింది. ఆ ర్యాంకుకు బీసీ-ఈ కింద ప్రైవేటు డెంటల్ కళాశాలలో కన్వీనర్ కోటా సీటు రావచ్చని పాత జాబితాలు చూసి నేనే చెప్పాను. వాళ్లింట్లో సేమ్యా పాయసం వండుకున్నారు.

అంతకుముందు ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఏడేళ్లలో ఎక్కువ ఏళ్లు ఎక్కడ చదివితే అక్కడ స్థానికులుగా లెక్కించే వీలుండేది. ఆ లెక్కన ఆమె ఐదేళ్లు ఇక్కడే చదివింది, ఇబ్బంది లేదు. రాష్ట్రం విడిపోయి 2024 జూన్ 2 నాటికి పదేళ్లు నిండాయి. ఆ జులైలో తెలంగాణ ప్రభుత్వం నిబంధన మార్చింది. ఇంటర్‌తో ముగిసే చివరి నాలుగేళ్లు వరుసగా తెలంగాణలోనే చదివి ఉండాలి, ఇంటర్ పరీక్ష కూడా ఇక్కడే రాసి ఉండాలి అన్నారు. మన అమ్మాయి తొమ్మిది, పది ఇక్కడ చదివింది, ఇంటర్ రెండేళ్లు వంతెనకు అటువైపు చదివింది. దాంతో స్థానికురాలు కాకుండా పోయింది. అటువైపు చూద్దామా అంటే అక్కడ చదివింది రెండేళ్లే. నదికి ఇటూ కాలేదు, అటూ కాలేదు.

కోర్టుకు వెళ్లిన విద్యార్థులకు ఆ ఒక్క ఏడాదికి మినహాయింపు దొరికింది. పంక్చర్ దుకాణం నడిపే మనిషికి హైకోర్టు గడప తెలియదు. తెలిసిన మనం వెళ్లలేదు. వచ్చే ఏడాది చూద్దాం అనుకున్నాం. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ నిబంధన సరైనదేనని తీర్పు చెప్పింది. మేనేజ్‌మెంట్ కోటా ఫీజు ఆ ఇంటికే కాదు, మన సొసైటీకి కూడా అందేది కాదు. అమ్మాయి ఇప్పుడు బీఎస్సీ చదువుతోంది. మొన్న కనిపించి, "డాక్టర్ అంకుల్, నేనేమైనా తప్పు చేశానా?" అని అడిగింది. లేదు తల్లీ, మేం చేశాం అన్నాను.

నిబంధన తర్వాత వచ్చింది కదా, మన తప్పేముంది అని కమిటీలో కొందరన్నారు. ఒక మాట చెప్పనివ్వండి. పదేళ్ల గడువు 2024తో ముగుస్తుందని 2014 నుంచి అందరికీ తెలుసు. ముగిశాక లెక్కలు మారవచ్చని 2022లో మనలో ఒక్కరం కూడా అనుకోలేదు. హాస్టల్ బాగుందా, నమాజుకు గది ఉందా, ఆడపిల్లలకు రక్షణ ఉందా అని అడిగాం. అవన్నీ అడగాల్సినవే. రేపు ఈ పిల్ల ఏ రాష్ట్రంలో స్థానికురాలు అవుతుంది అన్నది మాత్రం అడగలేదు.

కాబట్టి దాతలుగా మీరు మమ్మల్ని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది. తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఈ పిల్లవాడు ఎక్కడ చదువుతున్నాడు? గద్వాల, నారాయణపేట, ఖమ్మం, నల్గొండ లాంటి సరిహద్దు జిల్లాల పిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. కర్ణాటక పక్కనున్నవాళ్లు రాయచూరుకు, ఆంధ్ర పక్కనున్నవాళ్లు విజయవాడకు పంపుతుంటారు. బయటి రాష్ట్రంలో మదరసాలో ఉంటూ పక్కనున్న బడిలో పరీక్షలు రాసే పిల్లలూ ఉన్నారు. మైనారిటీ గురుకులాలు 2016లో మొదలై ఇప్పుడు 200కు పైగా ఉన్నాయి. చాలా చోట్ల ఇంటర్ కూడా ఉంది. ఏ గురుకులంలో బైపీసీ ఉందో ముందే కనుక్కుంటే హాస్టల్ ఖర్చు లేకుండానే పిల్ల సొంత రాష్ట్రంలో చదువుకుంటుంది. మనం కట్టే ఫీజు ఆమెకు మేలు చేస్తుందని అనుకుంటాం. ఒక్కోసారి మనం కట్టకపోయి ఉంటేనే మేలు జరిగేది.

ఇక రెండోది, పేర్లు. మీరు నవ్వుతారు గాని దీనివల్ల పోయిన రోజులు, తిరిగిన ఆఫీసులు అన్నీ ఇన్నీ కావు. పదో తరగతి మెమోలో షేక్ ఒక స్పెల్లింగు, ఆధార్‌లో ఇంకో స్పెల్లింగు. తండ్రి మెమోలో మహమ్మద్, ఆధార్‌లో ఎం.డి., రేషన్ కార్డులో మహ్మద్ సాబ్. ఆడపిల్లకు బడిలో సుల్తానా అని రాస్తారు, ఆధార్‌లో బేగం అని ఉంటుంది. నీట్ దరఖాస్తులో పేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉండాలి. కౌన్సెలింగ్ తేదీలు ఇచ్చాక ఆధార్ దిద్దించుకుందామని కేంద్రానికి పోతే అక్కడ వరుస, ఇక్కడ గడువు. పిల్లలు తొమ్మిదిలో ఉండగానే, పదో తరగతి పరీక్షకు పేర్లు పంపకముందే, అన్ని కాగితాలూ ఒకచోట పెట్టి చూడాలి. దీనికి డాక్టరు అక్కర్లేదు. చదువు వచ్చి, ఓపిక ఉన్న ఒక రిటైర్డు టీచరు చాలు.

కులం సర్టిఫికేట్ సంగతి. 2007 చట్టం ప్రకారం వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఈ కింద 4 శాతం ఉంది. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లినా 2010 నాటి మధ్యంతర ఉత్తర్వుతో అమలు సాగుతూ వచ్చింది. షేక్, ఖురేషీ, అత్తరు సాయిబులు, ఫకీర్, లబ్బి వంటి వర్గాలు అందులో ఉన్నాయి. దూదేకులవారు బీసీ-బిలో ఉన్నారు. సయ్యద్, పఠాన్, మొఘల్, అరబ్ కుటుంబాలు బీసీ-ఈలో లేవు. మాకు ఏమీ లేదు అని ఈ కుటుంబాలవాళ్లు చేతులు ముడుచుకుని కూర్చుంటారు. కుటుంబ వార్షికాదాయం 8 లక్షల లోపుంటే, మిగతా షరతులు సరిపోతే, వాళ్లు ఈడబ్ల్యూఎస్ సర్టిఫికేట్ తీసుకోవచ్చు. అది ఒక ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది. నిరుడు తీసుకున్నది ఈ ఏడాది పనికిరాదు, ఏప్రిల్ దాటాక కొత్తది తీసుకోవాలి. ఇంకొకటి, రాష్ట్రంలో బీసీ అయినంత మాత్రాన ఢిల్లీ జాబితాలో ఓబీసీ అయినట్టు కాదు. కేంద్ర జాబితాలో ఆ పేరు విడిగా ఉందో లేదో చూసుకోకుండా నీట్ ఫారంలో ఓబీసీ అని పెట్టి తర్వాత చిక్కుల్లో పడవద్దు.

చదువు గురించి ఎక్కువ చెప్పను, అది మీకూ తెలుసు. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. అందులో సగం, అంటే 360 మార్కులు, జీవశాస్త్రానివే. తప్పు జవాబుకు ఒక మార్కు కోత. ఇద్దరికి సమానంగా వస్తే ముందు జీవశాస్త్రం మార్కులే చూస్తారు. భౌతికశాస్త్రానికి భయపడి జీవశాస్త్రం వదిలేసి ట్యూషన్ల వెంట పరుగెత్తే పిల్లలకు ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసి చూపించండి. ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉర్దూలోనూ ఉంటుంది, పక్కనే ఇంగ్లిష్ కూడా ఇస్తారు. ఉర్దూ మీడియం పిల్లలు సిగ్గుపడి ఇంగ్లిష్ ఒక్కటే పెట్టుకుంటున్నారు. ఎందుకో నాకు అర్థం కాదు.

దరఖాస్తు చేసేటప్పుడు జరిగే పెద్ద పొరపాటు ఒకటుంది. తెలంగాణలో ఎంబీబీఎస్‌కూ బీడీఎస్‌కూ వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయంలో ఒకే రిజిస్ట్రేషన్. నాకు ఎంబీబీఎస్ ఎలాగూ రాదు అనుకుని పిల్లలు ఆ రిజిస్ట్రేషనే వదిలేస్తారు. తర్వాత కొన్ని వారాలకు బీడీఎస్ వెబ్ ఆప్షన్లు పిలిచినప్పుడు పేరు జాబితాలో ఉండదు. ఆ ఆప్షన్లకు ఇచ్చే వ్యవధి కూడా కొద్ది రోజులే. ఊళ్లో నెట్ సెంటర్ అబ్బాయి తనకు తోచిన వరుసలో కళాశాలలు నొక్కేస్తాడు. యంత్రం ర్యాంకును చూసి జాబితాలో పైనుంచి కిందికి వస్తుంది, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ ఆపేస్తుంది. మూడో పేరుగా ఉండాల్సింది మొదటి పేరుగా పడితే ఐదేళ్లు అక్కడే. తర్వాతి విడతలో పై ఆప్షన్ వచ్చిందంటే పాత సీటు దానంతటదే పోతుంది. కాబట్టి నిజంగా చేరాలనుకోని కళాశాల పేరు జాబితాలో పెట్టనే కూడదు.

దీనితోపాటు ఢిల్లీలోని ఎంసీసీ కౌన్సెలింగ్ విడిగా ఉంటుంది. అన్ని రాష్ట్రాల ప్రభుత్వ డెంటల్ కళాశాలల్లో 15 శాతం సీట్లు అక్కడ నింపుతారు. అలీగఢ్‌లోని జియావుద్దీన్ అహ్మద్ డెంటల్ కళాశాల, ఢిల్లీలో జామియా మిలియా డెంటల్ విభాగం కూడా దాని ద్వారానే. జామియాలో ముస్లిం విద్యార్థులకు, ముస్లిం అమ్మాయిలకు ప్రత్యేకంగా సీట్లున్నాయి. మన జిల్లా నుంచి అక్కడికి పెట్టుకున్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అంత దూరం ఆడపిల్లను ఎట్లా పంపుతాం అంటారు. నేను ఎవరినీ బలవంతపెట్టను. ఇంట్లో మాట్లాడుకుని వద్దనుకోవడం వేరు, అట్లాంటిదొకటి ఉందని తెలియకపోవడం వేరు.

మేనేజ్‌మెంట్ సీట్లకు కూడా నీట్ ర్యాంకే ఆధారం, కౌన్సెలింగ్ ద్వారానే నింపుతారు. ముందే సీటు బుక్ చేయిస్తానని అడ్వాన్స్ అడిగేవాడు ఎంత దగ్గరి చుట్టమైనా, ఎంత పెద్ద గడ్డమున్నా, ఒక్క రూపాయి ఇవ్వకండి.

ఇప్పుడు ఏ కళాశాల అన్న ప్రశ్న. నేను 1990ల్లో ఎంసెట్ రాసి అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ కళాశాలలో చేరాను. ఇప్పటికీ తెలంగాణలో రాష్ట్ర ప్రభుత్వ డెంటల్ కళాశాల అదొక్కటే. ఆంధ్రలో విజయవాడ, కడపల్లో ఉన్నాయి. మొదటి ఏడాది మైనపు దిమ్మ మీద పన్ను చెక్కాలి. నేను చెక్కింది చేతిలో తిప్పి చూసి మా సారు, "ఇది పన్నా, పల్లీ గింజా?" అన్నారు. ఇంట్లో మగ్గం పని, జర్దోసీ పని చేసిన అమ్మాయిలు రెండో వారానికే నాకంటే చక్కగా చెక్కేవారు. చెయ్యి తిరిగిన పిల్ల అంటే ఏమిటో నాకు అక్కడే తెలిసింది. మూడో ఏడాది నుంచి రోగులు. పక్కనే ఉస్మానియా ఆస్పత్రి, పొద్దున్నే వరుస కట్టేవారు. పన్ను తీయడం, సిమెంటు నింపడం, కట్టుడు పళ్లు పెట్టడం పుస్తకంలో చదివితే వచ్చేవి కావు. ఎన్ని నోళ్లు చూస్తే అంత పని వస్తుంది.

అందుకే ఆప్షన్లు పెట్టే ముందు రెండు మూడు కళాశాలలకు పిల్లనూ తండ్రినీ పంపమంటాను. భవనం చూడొద్దు. ప్రిన్సిపాల్ గది చూడొద్దు. పని దినాన పొద్దున పదింటికి ఓపీ దగ్గర గంటసేపు కూర్చుని ఎంతమంది రోగులు వస్తున్నారో చూడాలి. ఊరికి దూరంగా పొలాల మధ్య కట్టిన కళాశాలలు బస్సులు పెట్టి, క్యాంపులు పెట్టి రోగులను తెచ్చుకోవాల్సి వస్తుంది. కొన్ని ఆ పని శ్రద్ధగానే చేస్తాయి. కొన్నింట్లో కుర్చీలు మెరుస్తూ ఉంటాయి, మనుషులు ఉండరు. హౌస్ సర్జన్ పిల్లలను పక్కకు పిలిచి, బాబూ నువ్వు స్వయంగా ఎన్ని పళ్లు తీశావు, రూట్ కెనాల్ చేశావా అని అడగాలి. వాళ్లు అబద్ధం చెప్పరు. తొమ్మిది విభాగాల్లోనూ ఎండీఎస్ నడుపుతున్న కళాశాలలో సాధారణంగా అధ్యాపకులు ఎక్కువమంది ఉంటారు, అది కూడా చూసుకోవచ్చు. ఇంటికి దగ్గర, మన ఊరివాళ్ల పిల్ల అక్కడే ఉంది అన్నవి ఆ తర్వాత.

ఒక చేదు మాట కూడా చెప్పాలి. ఎంబీబీఎస్ రాలేదన్న బాధతో బీడీఎస్‌లో చేరి, మొదటి ఏడాదంతా మళ్లీ నీట్‌కు చదువుతూ గడిపి, మధ్యలో వదిలేసే పిల్లలున్నారు. చివరి విడత తర్వాత సీటు వదిలితే జరిమానా కట్టాలి, ఆ సీటు ఇంకొకరికీ దక్కదు. బీడీఎస్ నాలుగేళ్ల చదువు, ఒక ఏడాది హౌస్ సర్జన్సీ. బయటకు రాగానే సంపాదన ఉండదు. ప్రభుత్వ ఉద్యోగాలు తక్కువ. మొదటి రెండు మూడేళ్లు ఇంకొకరి క్లినిక్‌లో చిన్న జీతానికి పని నేర్చుకోవాలి. ఎండీఎస్ చేయాలంటే మళ్లీ ప్రవేశ పరీక్ష, ఇంకో మూడేళ్లు. ఇవన్నీ పిల్లకూ తల్లిదండ్రులకూ చెప్పి, అప్పటికీ కావాలంటేనే మనం ముందుకు రావాలి. కావాలని వచ్చిన పిల్లలు మాత్రం బాగా స్థిరపడ్డారు. మన జిల్లాలో పర్దాలో ఉండే తల్లులు లేడీ డెంటిస్టు ఉందా అని అడిగి మరీ వస్తారు. లేకపోతే నొప్పి ఓర్చుకుంటారు, పన్ను పుచ్చి దవడ వాచాక వస్తారు.

చివరికి మీ డబ్బు. మన సొసైటీకి జకాత్ సొమ్ము రంజాన్‌లో వస్తుంది. నీట్ సాధారణంగా మే మొదటి ఆదివారం ఉంటుంది, కౌన్సెలింగ్ ఆ తర్వాత నెలల తరబడి సాగుతుంది. అప్పటికి నిధి మొత్తం బడి ఫీజులకు పంచేసి ఉంటాం. సీటు వచ్చిన పిల్ల రెండు మూడు రోజుల్లో చేరకపోతే సీటు పోతుంది. కొంత భాగం కౌన్సెలింగ్ ముగిసేదాకా ముట్టుకోకుండా ఉంచాలని నా మనవి. కన్వీనర్ కోటాలో చేరినవాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది. ఆదాయ పరిమితి గ్రామాల్లో 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు. అది వచ్చేదాకా కళాశాల ఊరుకోదు, ముందు కట్టమంటుంది. మనం కట్టి, ప్రభుత్వం ఇచ్చాక పిల్ల తిరిగి ఇస్తే ఆ డబ్బే ఇంకో పిల్లకు పనికొస్తుంది. ఇది దానం కింద కాకుండా చేబదులుగా ఇవ్వాలి. జకాత్ నుంచి ఇవ్వవచ్చా లేదా అన్నది ఆలిమ్‌లను అడగండి, నాకు తెలిసింది పళ్లే.

ట్యూషన్ ఫీజు ఇస్తామని చాలామంది ముందుకొస్తారు, పరికరాలు కొనిస్తామని ఎవరూ రారు. మైనం చెక్కే కత్తులు, ప్లాస్టర్, కొలతలు తీసే ట్రేలు, మైక్రోమోటార్, ఏప్రాన్లు. ప్రతి ఏడాదీ ఒక కొత్త జాబితా ఇస్తారు. ఇవి లేక పక్క పిల్లను అడుక్కుని ప్రాక్టికల్ చేసిన అమ్మాయి నాకు తెలుసు. చదువు ముగించినవాళ్లు తమ పరికరాలు సొసైటీకి ఇచ్చేస్తే కడిగి, ఆటోక్లేవ్‌లో శుభ్రం చేసి, కొత్తవాళ్లకు ఇవ్వవచ్చు. నా క్లినిక్ వెనక గదిలో ఒక అల్మారా ఖాళీ చేసి ఉంచాను. నా పాతవి అందులో పెట్టాను. మీ ఇళ్లలో డెంటిస్టులుంటే వాళ్లకు చెప్పండి.

ఆ పంక్చర్ దుకాణం ఆయన పోయిన నెల ఫోన్ చేశాడు. కొడుకు ఇప్పుడు తొమ్మిదో తరగతి. పది కాగానే అక్క చదివిన కాలేజీలోనే చేర్పించాలనుకుంటున్నాడట, సొసైటీ మళ్లీ సాయం చేస్తుందా అని అడిగాడు. చేస్తుంది భాయ్, అయితే కర్నూలులో కాదు, గద్వాలలో అన్నాను. ముందు అబ్బాయి ఆధార్ కార్డు, బోనఫైడ్ పట్టుకుని ఆదివారం క్లినిక్‌కు రమ్మన్నాను. ఆధార్‌లో తండ్రి పేరు ఒకలా ఉంది, బడి కాగితంలో ఇంకోలా ఉంది. దిద్దించడానికి పంపించాం.